ఆసుపత్రి రికార్డులతో మానసిక జబ్బుల లెక్క తేలదు, ఎందుకంటే...

ఆసుపత్రుల రికార్డులన్నీ కూడితే దేశంలో ఎంతమంది పెద్దవాళ్ళకి మానసిక రుగ్మతలున్నాయో తెలిసిపోదా అని అడిగారు. తెలియదండీ. ఆసుపత్రి దాకా వచ్చేవాళ్ళే తక్కువ. ఇంటింటికీ వెళ్ళి అడగాల్సిందే.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే అలాంటిదే. 12 రాష్ట్రాల్లో 18 ఏళ్ళు దాటిన 34,802 మందితో మాట్లాడారు. అప్పటికి ఏదో ఒక రుగ్మతతో ఉన్నవాళ్ళు 10.6 శాతం. జీవితంలో ఎప్పుడో ఒకసారి పడ్డవాళ్ళని కూడా కలిపితే 13.7 శాతం. ఈ రెండూ వేరు, చదివేటప్పుడు చూసుకోండి. రుగ్మతని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందట్లేదని కూడా అందులోనే తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ లేదు. నాకిది ఇప్పటికీ బాధే.

ఇక నా అనుభవం. ఎంఏ చదివేటప్పుడు గుంటూరులో ఒక చిన్న సర్వేకి వెళ్ళాను. మానసిక రుగ్మతల్ని గుర్తించడానికి నిమ్హాన్స్ వాడిన ‘మినీ’ అనే ప్రశ్నావళే మాదీ. దాంట్లో డిప్రెషన్ భాగానికి మొదట రెండే ప్రశ్నలు. రెండు వారాలుగా దాదాపు రోజూ దిగులుగా ఉంటోందా? ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయిందా? రెండిటికీ లేదంటే నిద్ర, ఆకలి, చావు ఆలోచనల గురించి అడగకుండా తరువాతి భాగానికి వెళ్ళిపోవాలి.

నల్లపాడు వైపు ఒకావిడ మిరపకాయల ముచ్చికలు తీస్తూ జవాబులు చెప్పింది. వాళ్ళ అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ‘అబ్బే, అట్టాంటిదేం లేదమ్మా’ అంది, రెండిటికీ. లేదని టిక్కు పెట్టుకుని లేచాను. సందు చివర కుళాయి దగ్గరకి వెనకాలే వచ్చింది. ఘాటుకి ఎర్రబడ్డ వేళ్ళు కొంగుకి తుడుచుకుంటూ, ‘రాత్రి మూడింటికే మెలకువొచ్చుద్ది, ఇంక నిద్రుండదు. పొద్దున పొయ్యి దగ్గరికెళ్ళాలంటే ఏడుపొచ్చుద్ది. ఇదేం జబ్బమ్మా?’ అని అడిగింది.

మా మేడం మళ్ళీ వెళ్ళమన్నారు. ఈసారి పెరట్లో, ఎవరూ లేనప్పుడు, మొదటినుంచీ అడిగాను. తొమ్మిది లక్షణాల్లో ఐదు ఉంటే డిప్రెషన్ కింద లెక్క. ఆమెకి ఏడున్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చి, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారని చెప్పాను.

ఏ సర్వే చూసినా శాతం కంటే ముందు నేను వెతికేది ఇదే: అడిగినప్పుడు పక్కన ఎవరున్నారు, ఏ భాషలో, ఏ మాటల్లో అడిగారు. మీరూ సర్వేకి వెళ్తుంటే ‘దిగులు’ ఒక్కటే పట్టుకోకండి. మనవాళ్ళు గాబరా అంటారు, గుండె దడ అంటారు, మనసు మనసులో లేదంటారు.