ప్రయాణాలకు తీరికెక్కడ? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఏడాదికి 18 సెలవులు. ఇంటి పనులకీ జ్వరాలకీ సగం పోతాయి. రెండు నెలలకోసారైనా ఎటైనా వెళ్లి రావాలని ఉంది. అయ్యే పనేనా?

జవాబు: మిగిలిన 9 సెలవులతో అవుతుంది. కాకపోతే లెక్క ఏడాది మొదట్లోనే వేసుకోవాలి. శని, ఆదివారాలు మీకు సెలవే అనుకుంటే, కేలండర్‌లో మంగళ, గురువారాల్లో పడ్డ సెలవు దినాలు వెతకండి. గురువారం సెలవైతే శుక్రవారం ఒక్కటి పెట్టుకుంటే వరసగా 4 రోజులు చేతికొస్తాయి. అలాంటివి నాలుగు దొరికితే 4 సెలవులకు 16 రోజులు. మిగతా 5 ఒకే వారంలో పెడితే అటూ ఇటూ వారాంతాలతో కలిపి 9 రోజులు. ఆరో ప్రయాణాన్ని మామూలు శని, ఆదివారాల్లో కానివ్వండి. ఈ తేదీల మీద ఆఫీసులో అందరి కన్నూ ఉంటుంది. ముందు అడిగినవాళ్లవే అవి.

చాలామందికి అసలు దెబ్బ తగిలేది సెలవుల దగ్గర కాదు, దారిలో. గంటన్నర విమానమే కదా అనుకుంటాం. విమానాశ్రయానికి గంట, రెండు గంటల ముందు చేరడం, దిగాక సామాను కోసం అరగంట, గదికి మరో గంట: మొత్తం 6 గంటలు. రానూపోనూ 12. అదే దూరానికి రాత్రి రైలుంటే ఆ గంటలు నిద్రలో కలిసిపోతాయి. నాలుగు రోజులకైతే గడప దాటిన ఆరు గంటల్లో చేరే చోటే ఎంచుకుని, ఒకే గదిలో ఉండండి. గది మారిన ప్రతిసారీ సర్దడం, ఖాళీ చేయడం, మళ్లీ చేరడంతో పూట పోతుంది.

గడియారం బాగా మారే దేశాలను 9 రోజుల సెలవుకే ఉంచుకోండి. ఒంటికి కొత్త వేళలు అలవాటయ్యేది సుమారుగా రోజుకో గంట చొప్పునే. తూర్పుకెళ్తే ఇంకా కష్టం. తిరుగు ప్రయాణానికి ఆదివారం ఆఖరి విమానం వద్దు. పొద్దున మొదలైన ఆలస్యాలు సాయంత్రానికి పేరుకుంటాయి, అది రద్దయితే ఆ రాత్రికి ఇంకో దారి ఉండదు.

ప్రశ్న: ఇద్దరు పిల్లలు, మందులు వాడే అత్తగారు. స్నేహితురాళ్లతో నాలుగు రోజులు వెళ్తే భారమంతా మావారి మీదే. తిరిగొచ్చాక ఇంట్లో ముభావం. ఏం చేయాలి?

జవాబు: ముభావానికి మందు ముందే ఉంది: మీరు ఎన్ని రోజులు వెళ్తారో అన్ని రోజులు ఆయనకూ రాసిపెట్టండి. తర్వాత చూద్దాం అంటే కుదరదు, తేదీలతో సహా రాయాలి. ఆయన ఆ రోజులు ప్రయాణానికే వాడాలనీ లేదు.

ఇక ఇల్లు. అత్తగారి మాత్రలకు వారానికి 28 అరల డబ్బా (రోజుకు నాలుగు పూటలు) నింపిపెట్టండి. వేసుకున్నారా లేదా అని ఫోన్లో వాదించుకోనక్కర్లేదు, అర ఖాళీ అయిందో లేదో చూస్తే చాలు. డాక్టరు చీటీ ఫొటో ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. పిల్లల్ని బడి నుంచి తెచ్చేవాళ్ల జాబితాలో రెండో పేరు ముందే ఎక్కించండి.

ఎవరికీ తట్టనిది ఓటీపీ. బిల్లులు, బడి యాప్, మందుల ఆర్డరు అన్నీ మీ నంబరుకే ముడిపడి ఉంటే, మీరు విమానంలో ఉన్నంతసేపు ఇంట్లో పని ఆగిపోతుంది. వీలున్న చోటల్లా ఆయన నంబరు కూడా చేర్చండి. వెళ్లే వారం ముందు ఒక రోజంతా మీరేమీ చెప్పకుండా ఆయన్నే నడపనివ్వండి. ఏది మరిచారో ఆరోజే బయటపడుతుంది. వెళ్లాక రోజుకో వేళ పెట్టుకుని ఒక్కసారే ఫోన్ చేయండి. వీడియో కాల్‌లో కూర వండించడం సాయం కాదు, పెత్తనం.

ప్రశ్న: లీవు పెట్టినా ఆఫీసు ఫోన్లు ఆగవు. పోనీ అక్కడి నుంచే పనిచేస్తే?

జవాబు: ఫోన్లు వచ్చేది ఎక్కువగా సగంలో వదిలిన పనుల గురించే. బయల్దేరే ముందు రెండు పనిదినాల్లో కొత్తదేదీ మొదలుపెట్టకండి. ఒక పేజీ చాలు: పని ఏమిటి, ఎంతవరకు వచ్చింది, ఎవర్ని అడగాలి. ఆ "ఎవర్ని" దగ్గర మీ పేరు ఉండకూడదు! తిరిగొచ్చిన రోజు ఉదయం మీటింగులు లేకుండా కేలండర్ మూసేయండి.

వేరే దేశం నుంచి పనిచేయడం వేరే సంగతి. చాలా దేశాల్లో పర్యాటక వీసా మీద ఉద్యోగ పని కుదరదు, పన్ను చిక్కులూ రావచ్చు. కంపెనీ అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే టికెట్టు కొనండి.

ప్రశ్న: ప్రతిసారీ అర్ధరాత్రి దాకా సర్దుడే. తగ్గేదెలా?

జవాబు: రెండో ఛార్జర్, 100 మి.లీ. లోపు సీసాలు, మందులు ఒక సంచిలో ఎప్పుడూ ఉండనివ్వండి. అయిపోయినవి తిరిగొచ్చిన రోజే నింపండి. పవర్ బ్యాంకు చెకిన్ సామానులో పెట్టకూడదు, చేతిసంచిలోనే. 100 వాట్-అవర్ (సుమారు 27,000 ఎంఏహెచ్) దాటితే విమానసంస్థ అనుమతి కావాలి. విదేశాలకైతే పాస్‌పోర్టు గడువు చూడండి: ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. పిల్లల పాస్‌పోర్టుల గడువు చాలాచోట్ల పెద్దవాళ్లవాటి కన్నా తక్కువ, ముందు వాటినే తీయండి.