ఎంతో ఊహించుకుని వెళ్తే నిరాశే మిగులుతుందా?

ఫోటోల్లో చూసి ఎంతో ఊహించుకుని వెళ్తే తీరా అక్కడ ‘ఇంతేనా’ అనిపించిందని, ఇకమీదట ఏమీ తెలుసుకోకుండా వెళ్లడం మేలా అని అడిగారు. నా అనుభవంలో ఆ సలహా పనికిరాదు. అసలు అది మన చేతిలో ఉన్న పనే కాదు. పిరమిడ్ బొమ్మ చూడకుండా పెరిగినవాళ్లు ఎవరున్నారు?

ఇబ్బందల్లా ఫోటో ఏం వదిలేసిందో మనకు తెలియకపోవడంతోనే. గీజా పిరమిడ్లను ఎక్కువగా చుట్టూ ఎడారి మాత్రమే కనబడేలా తీస్తారు. నగరం వాటి దగ్గరదాకా వచ్చేసిందని వాటిలో కనబడదు. సైజు విషయమూ అంతే. కోపెన్‌హాగెన్‌లోని మత్స్యకన్య విగ్రహం ఎత్తు దాదాపు 1.25 మీటర్లే. పక్కన మనిషి లేని ఫోటోలు చూసీ చూసీ దాన్ని మనమే మనసులో పెంచేసుకుంటాం.

పారిస్‌లో మోనాలిసా ముందు నాకు ఇది బాగా అర్థమైంది. పటం 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. అద్దం వెనక ఉంటుంది, ముందేమో పైకెత్తిన ఫోన్లు. చాలామంది తమకు తెలిసిన బొమ్మ అక్కడే ఉందని సరిచూసుకుని, ఒక ఫోటో తీసుకుని కదిలిపోతున్నారు. 1911లో ఆ పటం దొంగతనానికి గురైనప్పుడు ఖాళీ గోడను చూడటానికి కూడా జనం వచ్చారంటే, పేరుకి ఎంత బలం ఉందో చూడండి! ఎదురుగోడ మీద ఇటలీ చిత్రకారుడు వెరొనేసే గీసిన ‘కానా పెళ్లివిందు’ అనే పటం ఉంది, వెడల్పు దాదాపు 10 మీటర్లు. దాని గురించి నాకేమీ తెలియదు. అయినా నేను ఎక్కువసేపు నిలబడింది దాని ముందే.

అయితే తెలియకపోవడమే మంచిదిగా అనొచ్చు. పీసాలో నాకు సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. ఒరిగిన గోపురం గురించి వెళ్లేముందు కాస్త చదివాను. 1173లో పని మొదలైంది, నేల మెత్తన కావడంతో మూడో అంతస్తు కట్టేసరికే ఒరగసాగింది. ఆ తర్వాత పని దాదాపు వందేళ్లు ఆగింది. ఆ విరామంలో నేల గట్టిపడబట్టే గోపురం కూలకుండా నిలిచిందంటారు. మళ్లీ మొదలుపెట్టినవాళ్లు వాలు సరిచేద్దామని పై అంతస్తులను కుంగిన వైపు కాస్త ఎత్తుగా కట్టారు. అందుకని గోపురం కేవలం ఒరిగి లేదు, వంగి కూడా ఉంది. చుట్టూ అందరూ చేయి చాపి గోపురాన్ని ఆపుతున్నట్టు ఫోటోలు దిగుతుంటే, నేను ఆ వంపు ఎక్కడ మొదలవుతుందా అని వెతుకుతూ చుట్టూ తిరిగాను. దొరికినప్పుడు కలిగిన సంతోషం ఏ ఫోటోలోనూ లేదు. 1990లో గోపురాన్ని మూసేసి, కుంగిన వైపుకి ఎదురువైపు మట్టిని కొంచెం కొంచెంగా తవ్వి తీసి, వాలును సుమారు 5.5 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు తగ్గించి 2001లో మళ్లీ తెరిచారు. అంత జాగ్రత్తగా కాపాడుకున్నారని తెలిస్తే దాని మీద గౌరవం పెరుగుతుంది.

కాబట్టి నా మాట ఇది: వెళ్లేముందు ఫోటోలు వెతకడం ఆపేయండి. ఎందుకు కట్టారు, ఎలా కట్టారు, ఏం పాడైంది, ఎలా బాగుచేశారు, ఇవి చదవండి. అక్కడ వెతికి చూసుకోవడానికి ఒక్క ప్రశ్నయినా పట్టుకెళ్లండి. అందరూ ఫోటో దిగే చోట కాసేపు నిలబడి, తర్వాత రెండో వైపుకి నడవండి. పీసాలో అలా నడిస్తేనే, పక్కనున్న బాప్టిస్టరీ (క్రైస్తవులు బాప్తిస్మం ఇచ్చే కట్టడం) కూడా కొద్దిగా ఒరిగి ఉందని నా కంటపడింది.