‘సంతకం పెట్టారు కదా’ అంటే కేసు పోయినట్లేనా?

ప్రశ్న: మా ఆవిడకు 34 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు ఉండేది. 14 నెలల కిందట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బరువు తగ్గే ఆపరేషన్ (స్లీవ్ సర్జరీ) చేయించాం. 4 లక్షలు కట్టాం. మర్నాటి నుంచే కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, గుండె దడ. గ్యాస్ అని చెప్పి మూడో రోజు డిశ్చార్జ్ చేశారు. ఆరో రోజు జ్వరం వస్తే ఫోన్ చేశాం. పారాసిటమాల్ వేసుకుని పదో రోజు రివ్యూకి రమ్మన్నారు. ఎనిమిదో రోజు స్పృహ తప్పింది. వేరే ఆసుపత్రికి తీసుకెళ్తే, స్టేపుల్ వేసిన చోట లీకై లోపల చీము పట్టిందని స్కానింగ్‌లో తేలింది. 38 రోజులు అక్కడే ఉన్నాం, ఇంకో 11 లక్షలు అయ్యాయి. మొదటి ఆసుపత్రి వాళ్లేమో ‘ఈ ఆపరేషన్‌లో లీక్ అనేది ఉండేదే, మీరు సంతకం పెట్టారు, పైగా ఆమె గట్టి పదార్థాలు తిని ఉంటుంది’ అంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కాకపోతే దేని మీద వేస్తున్నారో మీకు ముందే స్పష్టంగా ఉండాలి. ఈ తరహా కేసులు చాలావరకు అక్కడే దెబ్బ తింటాయి.

స్లీవ్ సర్జరీలో పొట్టలో ముప్పావు వంతుకు పైగా కత్తిరించి తీసేస్తారు, మిగిలిన భాగాన్ని పొడవునా స్టేపుల్ చేస్తారు. ఆ గీత ఎక్కడైనా విడిపోతే లీక్. ఎంత మంచి సర్జన్ చేతిలోనైనా కొద్దిమందికి ఇది జరుగుతుంది. ఫలితం చెడ్డంత మాత్రాన డాక్టరు నిర్లక్ష్యం చేసినట్లు కాదని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. సాధారణ నైపుణ్యం ఉన్న సర్జన్ అదే పరిస్థితిలో తీసుకునే జాగ్రత్త ఈయన తీసుకున్నారా లేదా అన్నదే కొలమానం. కాబట్టి ‘లీకైంది, అందుకే పరిహారం ఇవ్వాలి’ అని ఫిర్యాదులో రాస్తే ఆసుపత్రి సులువుగా బయటపడుతుంది.

‘గుండె దడ’ అని మీరు ఒక్క మాటలో రాసి వదిలేశారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన మాట అదే. లావుగా ఉన్నవారికి లోపల లీకైనా కడుపు మీద చెయ్యి పెడితే పెద్దగా తెలియకపోవచ్చు. చాలాసార్లు ముందుగా పట్టిచ్చేది పల్స్. నిమిషానికి 120 దాటి తగ్గకుండా ఉంటే ముందు లీక్‌నే అనుమానించాలన్నది ఈ సర్జరీలు చేసేవాళ్లకు తెలిసిన సంగతి. భుజం నొప్పి ఒక్కటే అయితే లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌లో) నింపిన గ్యాస్ వల్ల కావచ్చు. నొప్పి, దడ కలిసి ఉన్నప్పుడు స్కానింగ్ చేయకుండా ఇంటికి పంపడం, తర్వాత జ్వరమంటే ఫోన్‌లోనే మాత్ర చెప్పి నాలుగు రోజులు ఆగమనడం, మీ కేసంతా ఇదే. లీక్ ఎందుకైందన్నది పక్కన పెట్టండి. దాన్ని పట్టుకోవాల్సిన రోజుల్లో ఎందుకు పట్టుకోలేదన్నది అడగండి.

ఆ రోజుల్లో పల్స్ ఎంత ఉందో నర్సులు రాసిన చార్టులో ఉంటుంది. అందుకే వకీలు నోటీసు కన్నా ముందు రికార్డులు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. వాటిని మూడేళ్లు భద్రపరచాలి కూడా. మీ భార్య సంతకంతో మెడికల్ సూపరింటెండెంట్‌కు స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. డిశ్చార్జ్ సమ్మరీ చేతిలో పెట్టి ఇంతే అంటారు, ఒప్పుకోవద్దు. పూర్తి కేస్ షీట్, నర్సింగ్ నోట్స్, టీపీఆర్ చార్టు (జ్వరం, పల్స్, శ్వాస రాసేది), ఆపరేషన్ నోట్స్, కన్సెంట్ ఫారం, వీడియో తీసి ఉంటే అది కూడా అని పేరుపేరునా రాయండి. ఇవ్వకపోయినా, దిద్దుబాట్లతో ఇచ్చినా మీకే ఉపయోగం, వినియోగదారుల కమిషన్ దాన్ని వాళ్లకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు.

ఇక సంతకం. కన్సెంట్ ఫారం మీద సంతకం అంటే ఆపరేషన్‌కూ, దానితో సహజంగా వచ్చే ప్రమాదాలకూ ఒప్పుకోవడం. చూడాల్సినవాళ్లు చూడకపోవడానికి ఎవరూ ఒప్పుకోరు, అలా రాయించుకున్నా చెల్లదు. పైగా ఆపరేషన్ వల్ల లాభం, ప్రమాదం, వేరే మార్గాలు రోగికి అర్థమయ్యేలా చెప్పాకే అది సరైన సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఫారం ఏ భాషలో ఉందో, ఎప్పుడు సంతకం తీసుకున్నారో చూడండి.

‘గట్టి పదార్థాలు తింది’ అన్నది వాళ్లే రుజువు చేయాలి. దడ మొదలైంది ఆసుపత్రి మంచం మీద, వాళ్ల కళ్లముందే. ఒక్క మాట మాత్రం, మీ భార్యకు అసలు ఈ ఆపరేషనే అవసరం లేదన్న వాదన ఫిర్యాదులో పెట్టకండి. ఆమె బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) దాదాపు 37. వేరే జబ్బులు లేకపోయినా 35 దాటితే సర్జరీ సూచించవచ్చని అమెరికా, అంతర్జాతీయ బేరియాట్రిక్ (బరువు తగ్గే ఆపరేషన్లు చేసే) సర్జన్ల సంఘాలు 2022లో చెప్పాయి. బలహీనమైన వాదన ఒకటి చేరిస్తే బలమైనది కూడా పలచబడుతుంది.

మీరు వెళ్లాల్సింది జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. 2019 చట్టం ప్రకారం పరిధిని, అంటే ఏ స్థాయి కమిషన్‌కు వెళ్లాలన్నది, మీరు అడిగే పరిహారంతో కాక, కట్టిన డబ్బుతో చూస్తారు. 50 లక్షల వరకు జిల్లా కమిషనే. 5 లక్షల లోపు కట్టారు కాబట్టి కోర్టు ఫీజు కూడా ఉండదు. ఆసుపత్రి వేరే ఊళ్లో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. గడువు రెండేళ్లు. గొడవ లేకుండా ఆపరేషన్ తేదీ నుంచే లెక్కపెట్టుకోండి, అంటే మీకు పది నెలలు ఉంది. ఆసుపత్రినీ సర్జన్‌నూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. రెండో ఆసుపత్రి బిల్లులు, పోయిన జీతం, ఇకముందు పట్టే ఖర్చు, ఆమె పడ్డ బాధ, అన్నీ పరిహారంలో అడగవచ్చు. చట్టంలో నెలల్లో తేల్చాలని ఉన్నా వాస్తవంలో ఏళ్లు పడుతుంది. ఇది తెలిసే దిగండి.

నిపుణుల అభిప్రాయం ప్రతి కేసులో తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పినా, మీ కేసులో ఉండాలనే నా సలహా. సాటి డాక్టరు మీద రాసివ్వడానికి చాలామంది ఇష్టపడరు. ఆ రికార్డులు ఆ ఊరితో ఏ సంబంధమూ లేని బేరియాట్రిక్ సర్జన్‌కు చూపించండి. రెండో ఆసుపత్రి స్కాన్ రిపోర్టు, చేరినరోజు రాసిన నోట్స్ కూడా గట్టి సాక్ష్యమే.

రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. వాళ్లు హెచ్చరించగలరు, రిజిస్ట్రేషన్ ఆపగలరు, డబ్బు ఇప్పించలేరు. పోలీసుల దగ్గరికి మాత్రం ఇప్పుడే వద్దు. క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందుగా స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం కావాలి. ఆ కేసు నిలబడకపోతే, నిలబడలేదన్న కాగితాన్నే తెచ్చి కమిషన్ ముందు మీకు వ్యతిరేకంగా చూపిస్తారు.

నోటీసు అందాక రాజీకి పిలవవచ్చు. వెళ్లండి, తప్పులేదు. ‘ఇకపై ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద మాత్రం వకీలుకు చూపించకుండా సంతకం పెట్టకండి. ఆరో రోజు మీరు ఫోన్ చేసిన ఆ మొబైల్ ఉంది కదా, దాన్ని మార్చకండి, అమ్మకండి, రీసెట్ చేయకండి. కాల్ లిస్టు, వాట్సాప్ మెసేజ్‌లు ఈ రోజే వేరే చోట కాపీ చేసి పెట్టుకోండి.