ఇంధనం లేని జనరేటర్, ఆల్కలైన్ నీళ్లు, నూటికి పది మిత్తి: ఏది నమ్మాలి?

మీరు సిటీ వదిలి నర్సంపేట దగ్గర సొంతూరికి వచ్చేస్తున్నామని, కరెంటు ఆఫీసు, బ్యాంకు, మందుల షాపు మీద ఆధారపడకుండా బతకాలని ఉందని రాశారు. అందుకు ఇంధనం లేకుండా తిరిగే జనరేటర్, నీళ్లకు క్షార గుణం తెచ్చే ఆల్కలైన్ నీళ్ల మిషన్, నెలకు నూటికి పది ఇచ్చే స్కీమ్, షుగర్‌ను పూర్తిగా తగ్గించే చూర్ణం తీసుకోవచ్చా అని అడిగారు.

నాలుగూ వద్దు. అట్లని మీ ఆలోచనను తీసిపారేయను. నేను భీమదేవరపల్లి వైపు పుట్టి పెరిగినదాన్ని. సర్కారూ బ్యాంకులూ పట్టించుకోని పనులను ఊరివాళ్లు తామే చేసుకోవడం మా ఇంట్లోనే చూశాను. వాటికి, మీకు అమ్మజూపుతున్న వాటికి తేడా లెక్క దగ్గరే తెలుస్తుంది. మా దగ్గర లెక్క అందరి ముందు చదివేవాళ్లు. మీకు అమ్మేవాళ్లు డబ్బా మూత కూడా తీయనివ్వరు.

జనరేటర్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మోటారు, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను తిప్పుతుందట, ఆల్టర్నేటర్ మోటారుకు కరెంటిస్తుందట, మిగిలింది ఇంటికట. రాపిడిలో కొంత, తీగల వేడిలో కొంత పోతూనే ఉంటుంది కాబట్టి బయటి నుంచి ఏదీ అందకపోతే అది కాసేపట్లో ఆగిపోవాలి. ఆగలేదంటే ఎక్కడో బ్యాటరీ దాచారనే అర్థం. ఆ డబ్బు సోలార్‌కు పెట్టండి. ఇంటి సోలార్‌కు కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. ఎండ బాగున్న రోజు కిలోవాట్‌కు సుమారు 4 యూనిట్లు వస్తాయి. ఒక్కటి ముందే తెలుసుకోండి: బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలార్, కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అట్లా పెట్టారు. కరెంటు పోయినా ఇల్లు నడవాలంటే బ్యాటరీకి వేరే ఖర్చు. గోబర్ గ్యాస్ మంచిదే కానీ, 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులు. ఒక్క బర్రెతో పొయ్యి వెలగదు.

నీళ్ల మిషన్ల డెమో మా చిన్నమ్మ వాళ్లింట్లో దగ్గర కూర్చుని చూశాను. రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో ఇంటి బోరు నీళ్లు, ఇంకోదాంట్లో అమ్మడానికి వచ్చినాయన తెచ్చిన ఫిల్టర్ నీళ్లు. కడ్డీలున్న చిన్న పరికరం రెండింట్లో ముంచి స్విచ్ వేశాడు. బోరు నీళ్లు ముందు పచ్చగా, తర్వాత తుప్పు రంగుకు తిరిగి, పైన మడ్డి తేలింది. ఫిల్టర్ నీళ్లు అట్లాగే ఉన్నాయి. "ఇదే మీ పిల్లల కడుపులోకి పోతోంది అక్కా" అన్నాడు. మా చిన్నమ్మ ముఖం పాలిపోయింది. ఐటీఐ చదివే తమ్ముడు లేచి వెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చి, ఆయన గ్లాసులో వేసి, మళ్లీ స్విచ్ వేయమన్నాడు. ఆ నీళ్లూ తుప్పు రంగుకే వచ్చాయి. కరిగింది ఆ పరికరంలోని ఇనుప కడ్డీ. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, కడ్డీ కరుగుతుంది. లవణాలు తీసేసిన నీళ్లలో పారదు.

ఇక ఆల్కలైన్ అంటారా, ఎన్ని వేలు పోసి కొన్న మిషన్ నీళ్లైనా కడుపులోని ఆమ్లంలో కలిశాక ఆ గుణం పోతుంది. మనం భయపడాల్సింది ఫ్లోరైడ్‌కు. దానికి రంగు లేదు, రుచి లేదు. మరిగిస్తే పోదు సరికదా, నీళ్లు తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏళ్లు గడిచేకొద్దీ పళ్లు, ఎముకలు చెడతాయి. మీ బోరు నీళ్లు మిషన్ అమ్మేవాళ్లకు ఇవ్వకుండా ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. భగీరథ నల్లా వస్తుంటే అది నది నీరు కాబట్టి ఆ బాధ తక్కువ.

నీళ్ల విషయంలో సొంత దారి చూడాలనుకుంటే మీ పక్కనే పాకాల ఉంది. 13వ శతాబ్దంలో గణపతిదేవుని కాలంలో కట్టిన ఆ చెరువు కింద ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి. మన గొలుసుకట్టు చెరువుల్లో పైది మత్తడి దుంకితే ఆ నీరే కిందిదానికి చేరుతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మా ఊరి చెరువు పూడిక ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నాం. ఆ మట్టి పడ్డ చెలకలో పత్తి ఎండకు ఓర్చింది. చెరువు నిండిన ఏడు కింది బావుల్లో నీళ్లు పైకొచ్చాయి. మీరు ఊళ్లో దిగాక మీ చెరువు తూము, కాల్వ ఎట్లున్నాయో చెరువు నీళ్లు చూసుకునే నీరటిని అడిగి తిరిగి చూడండి. ఇంటి కప్పు మీద పడే వాన బోరు పక్కన ఇంకుడు గుంతలోకి పోయేలా పైపు వేయించండి.

డబ్బు గురించి నాకు ఎక్కువ బాధ ఉంది, ఎందుకంటే మా దగ్గరివాళ్లే ఇట్లాంటి స్కీముల్లో బిడ్డ పెళ్లికి దాచింది పోగొట్టుకున్నారు. నూటికి నెలకు పది అంటే ఏడాదికి నూట ఇరవై. ఏ పంటలో, ఏ వ్యాపారంలో అంత వస్తుంది? కొత్తగా చేరినవాళ్ల పైసలే పాతవాళ్లకు మిత్తిగా ఇస్తారు. చేరేవాళ్లు తగ్గిన నెల ఆఫీసుకు తాళం పడుతుంది.

మా అమ్మ పొదుపు సంఘం అట్లా ఉండేది కాదు. నెలనెలా అందరూ ఒకే మొత్తం కట్టేవాళ్లు. అప్పు ఎవరికి ఇచ్చారు, ఎంత తిరిగొచ్చింది, ఎవరు బాకీ ఉన్నారు అన్నది మీటింగులో గట్టిగా చదివేవాళ్లు. మిత్తి ఎక్కడిది అని అడిగితే, కట్టినావిడ అక్కడే చాప మీద కూర్చుని ఉండేది. బయట నూటికి మూడు, అయిదు తీసుకునే రోజుల్లో వీళ్లు అంతకన్నా చాలా తక్కువకు ఇచ్చేవాళ్లు. మా వైపే ఉన్న ముల్కనూర్‌లో రైతుల సహకార సంఘం 1956 నుంచి నడుస్తోంది. ఆడవాళ్ల పాల డెయిరీ కూడా అక్కడిదే. బ్యాంకుకు దూరంగా ఉండాలనిపిస్తే ఇట్లాంటి సంఘంలో చేరండి. చిట్టీ అయితే రిజిస్టర్ అయిందో లేదో చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర చూసుకున్నాకే చేరండి.

చూర్ణం దగ్గర మాత్రం పంతానికి పోవద్దు. మన దగ్గర కామెర్లకు పసరు పోయించుకుని తగ్గిందనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే తగ్గింది. కలుషిత నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఏ చాలామందిలో కొన్ని వారాల్లో తనే తగ్గిపోతుంది. పేరు పసరుకు వస్తుంది. షుగర్ అట్లా తనంతట తను పోయేది కాదు. పైగా కొన్ని చూర్ణాల్లో ఇంగ్లిష్ షుగర్ మందే కలిపి అమ్ముతున్నట్టు పరీక్షల్లో బయటపడింది. అది తెలియక మన మాత్రలూ వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు. నడక, తిండి మార్పు వల్ల మీకు షుగర్ తగ్గుతుంటే మూడు నెలలకోసారి సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించి, ఆ కాగితం డాక్టరుకు చూపించి మాత్రలు తగ్గించమని అడగండి. మీ అంతట మీరు ఆపొద్దు. ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ మీద ఉంటే ఒక్క పూట కూడా చూర్ణాన్ని నమ్మి మానొద్దు.