ట్రాక్ వదిలి అల్ట్రామారథాన్‌కు పోతానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది భూపాలపల్లి. నేను సింగరేణిలో పని చేస్తాను. మా అబ్బాయికి 19 ఏళ్లు, హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం. 5,000 మీటర్లు 16 నిమిషాల 20 సెకన్లలో, 10,000 మీటర్లు 33 నిమిషాల 50 సెకన్లలో పరిగెత్తాడు. మొన్న 50 కిలోమీటర్ల పోటీకి పోయి 4 గంటల 20 నిమిషాల్లో ముగించి మూడో స్థానం తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి ట్రాక్ వదిలేసి అల్ట్రామారథాన్లే (42 కిలోమీటర్ల మారథాన్ కన్నా ఎక్కువ దూరం పోయే పోటీలు) పరిగెత్తుతానని పట్టుబట్టాడు. వాళ్ల పీడీ సారేమో "స్పీడ్ లేనోళ్లు పోయేది అక్కడికి, వాళ్లకు అసలు టాలెంట్ ఉంటే రోడ్డు మారథాన్లే గెలిచేవాళ్లు" అన్నాడట. రెండు రోజుల నుంచి పిలగాడు సరిగా తింటలేడు. సారు మాట నిజమేనా? ఈ దారిలో బతుకు ఉంటుందా?

జవాబు: ముందు సారు మాట సంగతి చూద్దాం. మీ అబ్బాయి మనసును కష్టపెట్టింది అదే కాబట్టి. అందులో నిజమూ ఉంది, తప్పూ ఉంది.

నిజం ఏమిటంటే, రోడ్డు మారథాన్‌లో వడపోత చాలా గట్టిది. కెన్యా, ఇథియోపియా కొండ ప్రాంతాల్లో ఎంతోమంది యువకులు పరుగునే బతుకుదెరువుగా ఎంచుకుంటారు. ఒక్క పెద్ద పోటీ గెలిస్తే ఇల్లు, భూమి వస్తాయి. బోస్టన్ మారథాన్ విజేతకు ఈమధ్య లక్షన్నర డాలర్లు ఇస్తున్నారు. అదే అమెరికాలో ఎంతో పేరున్న 100 మైళ్ల పోటీ వెస్టర్న్ స్టేట్స్ గెలిస్తే బహుమతి సొమ్మంటూ ఏమీ లేదు. డబ్బు ఉన్నచోటికి ఎక్కువమంది వస్తారు, అంతమందిని దాటి పైకి వచ్చినవాడి స్థాయి ఎక్కువగానే ఉంటుంది. 2023లో చికాగోలో కెల్విన్ కిప్టమ్ 2:00:35లో మారథాన్ పూర్తి చేశాడు. అంటే కిలోమీటరుకు సుమారు 2 నిమిషాల 52 సెకన్లు. మీ అబ్బాయి ప్రాణం పెట్టి పరిగెత్తితే ఒక కిలోమీటరు ఆ వేగంతో పోగలడు. కిప్టమ్ వరసగా 42 కిలోమీటర్లు పోయాడు.

రోడ్డు మీద ఆరితేరినవాళ్లు అల్ట్రాకు వచ్చి గెలిచిన సందర్భాలూ ఉన్నాయి. 1980 నుంచి 82 వరకు న్యూయార్క్ మారథాన్‌ను వరసగా మూడుసార్లు గెలిచిన అల్బెర్టో సలాజర్, తన మంచి రోజులన్నీ అయిపోయాక, 35 ఏళ్ల వయసులో దక్షిణాఫ్రికా వెళ్లి 1994లో కామ్రేడ్స్ గెలిచాడు. అది 1921 నుంచి జరుగుతున్న పోటీ, దూరం 90 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. 2018లో బోస్టన్ గెలిచిన డెస్ లిండెన్ 2021లో 50 కిలోమీటర్లను 2:59:54లో పరిగెత్తి, మూడు గంటల లోపు ఆ దూరం పూర్తి చేసిన తొలి మహిళ అయింది. సారు ఇలాంటివాళ్లను మనసులో పెట్టుకునే మాట్లాడి ఉంటారు.

ఇక తప్పు ఎక్కడుందో చెబుతాను. జిమ్ వామ్స్లీ అని ఒక అమెరికన్ ఉన్నాడు. 2020లో వాళ్ల ఒలింపిక్ మారథాన్ ఎంపిక పోటీలో 2:15:05తో 22వ స్థానంలో వచ్చాడు. మన దేశంలో 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ 2:12:00తో పెట్టిన మారథాన్ జాతీయ రికార్డును నలభై ఏళ్లకు పైగా ఎవరూ కదిలించలేకపోయారు. దాని పక్కన పెట్టి చూస్తే 2:15 ఏ స్థాయో తెలుస్తుంది. వామ్స్లీకి స్పీడ్ లేదని ఎవరూ అనలేరు. అయినా అంత స్పీడున్నవాడికి వెస్టర్న్ స్టేట్స్ అంత తేలిగ్గా లొంగలేదు. 2016లో రికార్డు వేగంతో పోతూ చివర్లో దారి తప్పాడు. 2017లో కడుపు తిరగబడి మధ్యలోనే ఆగిపోయాడు. 2018లో గానీ గెలవలేదు. ఆ మరుసటి ఏడాది 14:09:28తో పోటీ రికార్డు పెట్టాడు. ఆల్ప్స్ పర్వతాల్లో దాదాపు 10,000 మీటర్లు ఎక్కి దిగాల్సిన యూటీఎంబీ పోటీ కోసమైతే ఏకంగా ఫ్రాన్స్‌కే మకాం మార్చాడు. చివరికి 2023లో గెలిచాడు.

అతని కాళ్లలో సత్తా మొదటి నుంచీ ఉంది. నేర్చుకోవాల్సింది వేరే ఉండింది. పరిగెత్తేటప్పుడు మనిషి కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ ఖర్చు చేస్తాడు. 60 కిలోల మనిషి 100 కిలోమీటర్లు పోతే 6,000 కేలరీలు. ఒంట్లో పిండిపదార్థం రూపంలో దాచుకునేది సుమారు 2,000. మిగతాది కొవ్వు నుంచి రావాలి, దారిలో తినేదాని నుంచి రావాలి. గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం, అదీ పరిగెత్తుతూనే, ఎండలోనే, పది గంటలపాటు. రక్తమంతా కాళ్లకు పోతున్నప్పుడు కడుపు దాన్ని అరిగించుకోవాలి. ఇది కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరు అలవాటు చేసుకుంటారు, కొందరికి ఎప్పటికీ రాదు. కొండ దిగేటప్పుడు తొడ కండరాలు దెబ్బ తినకుండా తట్టుకోవడం, రాత్రంతా నిద్ర లేకున్నా దారి, తిండి, వేగం గురించి సరైన నిర్ణయం తీసుకోవడం కూడా అంతే. రెండు గంటల మారథాన్‌లో వీటికి పరీక్షే ఉండదు. అందుకే మారథాన్ విజేతలందరూ 100 మైళ్లూ గెలిచేస్తారన్నది ఎవరూ నిరూపించని మాట.

లిథువేనియాకు చెందిన అలెగ్జాండర్ సొరోకిన్ 2022లో 24 గంటల్లో 319.6 కిలోమీటర్లు పరిగెత్తాడు. నీళ్లకు, తిండికి పట్టిన సమయమంతా కలుపుకొనే కిలోమీటరుకు నాలుగున్నర నిమిషాలు. మరుసటి ఏడాది 100 కిలోమీటర్లను 6:05:35లో ముగించాడు. అప్పటికి అతనికి 41 ఏళ్లు. చిన్నప్పుడు పడవ పోటీల్లో ఉండేవాడు, ముప్పై దాటాక బరువు తగ్గడానికని పరుగు మొదలుపెట్టాడు. మీకు, మీ అబ్బాయికి ఈ కథలో పనికొచ్చేది అతని వయసు. అల్ట్రా తలుపు నలభైలో కూడా తెరిచే ఉంటుంది. 5,000, 10,000 మీటర్ల తలుపు అలా ఉండదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పైస్థాయిలో రోడ్డు మారథాన్ వాళ్ల సగటు గొప్పది, ఎందుకంటే వాళ్లు ఎక్కువమందిలోంచి వడకట్టబడ్డారు. అల్ట్రాలో మొదటి వరసలో ఉన్నవాళ్లు నిజమైన ప్రతిభావంతులు, కానీ వాళ్ల వెనక వరసలు పలచగా ఉంటాయి. ఈ రెండో మాట మీ అబ్బాయికి నేరుగా వర్తిస్తుంది.

మీరు రాసిన అంకెలు కాగితం మీద పెట్టి చూశాను. దూరం రెట్టింపైతే సమయం సుమారు 2.08 రెట్లు అవుతుందని పరుగువాళ్లు చాలాకాలంగా వాడే లెక్క ఒకటుంది. పీటర్ రీగల్ అనే ఇంజనీరు కట్టిన లెక్క అది. దాని ప్రకారం 5,000 మీటర్లు 16:20లో పోయేవాడు 10,000 మీటర్లు సుమారు 34:03లో పోవాలి. మీ వాడు 33:50 పోయాడు. అంటే దూరం పెరిగే కొద్దీ నిలబడే లక్షణం కాస్త ఉంది. మంచిదే. అదే లెక్కను 50 కిలోమీటర్ల దాకా సాగదీస్తే 3 గంటల 8 నిమిషాలు వస్తుంది. అంత దూరానికి తగ్గ శిక్షణ లేదు కాబట్టి ఇంకో ఇరవై నిమిషాలు వదిలేద్దాం. కానీ అతనికి పట్టింది 4:20. మూడో స్థానం వచ్చింది, కానీ సమయం అతని సత్తాకు తగ్గట్టు లేదు. ముందు వేగంగా పోయి చివర్లో నడిచి ఉంటాడు, లేదా తినకుండా పరిగెత్తి ఉంటాడు. ఏదైనా తప్పు కాదు, మొదటిసారి అందరికీ అయ్యేదే. కానీ ఆ పతకాన్ని చూసి "నాకు అల్ట్రా టాలెంట్ ఉంది" అనుకోవడం తొందరపాటు. అతని టాలెంట్ ఇప్పటికి రుజువైంది 10,000 మీటర్లలోనే. ఈ లెక్క మీరే అతని ముందు కూర్చుని చేయండి. ఇంత బాగా పరిగెత్తే పిల్లవాడు అంకెలు అర్థం చేసుకుంటాడు. "సారు వద్దన్నాడు కాబట్టి వద్దు" అంటే మాత్రం మొండికేస్తాడు.

ఇక బతుకు సంగతి. ఒలింపిక్స్‌లో, ఆసియా క్రీడల్లో, నేషనల్ గేమ్స్‌లో అల్ట్రామారథాన్ లేదు. మన దేశానికి అల్ట్రా జట్టు ఉంది, 2022లో బెంగళూరులో జరిగిన ఆసియా ఓషియానియా 24 గంటల పోటీలో మన పురుషుల జట్టు స్వర్ణం గెలిచింది కూడా. కానీ మన దగ్గర దాన్ని నమ్ముకుని ఇల్లు నడపడం కష్టం, ఉద్యోగం చేసుకుంటూ పరిగెత్తాల్సిందే. స్పోర్ట్స్ కోటా లెక్కలోకి వచ్చేవి గుర్తింపు ఉన్న పోటీల సర్టిఫికెట్లు. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం ఉంది. ఎక్కడికైనా ఎంట్రీ ఫీజు కట్టే ముందు ఆ సర్టిఫికెట్ ఏ జాబితాలోకి వస్తుందో అడిగి తెలుసుకోండి.

ట్రాక్ వైపు చూస్తే మన జిల్లాల నుంచే దారి కనిపిస్తుంది. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో (మేధో వైకల్యం ఉన్నవాళ్లకు) కాంస్యం గెలిచింది. రాష్ట్ర ప్రభుత్వం గ్రూప్-2 ఉద్యోగం, కోటి రూపాయలు, వరంగల్‌లో ఇంటిస్థలం ప్రకటించింది. హనుమకొండ జేఎన్ స్టేడియం ట్రాక్ మీదే 2021 సెప్టెంబరులో హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4:05.39లో పరిగెత్తి జాతీయ రికార్డు పెట్టింది. అలాంటి ట్రాక్ హాస్టల్‌కు దగ్గర్లో ఉన్నప్పుడు దాన్ని వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆర్మీని కూడా ఆలోచించండి. అవినాశ్ సాబ్లే మహారాష్ట్రలోని బీడ్ జిల్లా రైతు కుటుంబంలో పుట్టి, ఆర్మీలో చేరాకే క్రాస్ కంట్రీతో (ట్రాక్ మీద కాకుండా మట్టి, గడ్డి నేలల మీద పరిగెత్తే పోటీ) అథ్లెటిక్స్‌లోకి వచ్చాడు. 2020లో ఢిల్లీ హాఫ్ మారథాన్‌ను (21 కిలోమీటర్లు) 1:00:30లో పరిగెత్తాడు. 2023 ఆసియా క్రీడల్లో 10,000 మీటర్ల కాంస్యం గెలిచిన గుల్వీర్ సింగ్ కూడా ఆర్మీ మనిషే. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లోపు పోతే పరుగుకు పూర్తి మార్కులు. మీ వాడికి అది వార్మప్ లాంటిది. కానీ రాత పరీక్ష ఉంటుంది, వయసు పరిమితి తక్కువ, కాబట్టి ఆలస్యం చేయొద్దు. పోలీస్ కానిస్టేబుల్ అయితే 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చారు. అక్కడ కూడా ఉద్యోగం తేలేది రాత పరీక్షలోనే. ఇవేవీ ఇష్టం లేకపోతే డిగ్రీ తర్వాత పీఈసెట్ రాసి బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయవచ్చు, ఆ తర్వాత పాటియాలాలో కోచింగ్ డిప్లొమా. దూరపు పరుగును లోతుగా తెలిసిన కోచ్‌లు మన వైపు చాలా తక్కువ. ఇతనిలాంటివాళ్లు ఆ పనిలోకి రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

వచ్చే రెండేళ్లు 10,000 మీటర్లు, క్రాస్ కంట్రీ, హాఫ్ మారథాన్ మీద ఉండనివ్వండి. 10,000 మీటర్లు 32 నిమిషాల లోపుకు వస్తే హాఫ్ మారథాన్ గంటా 11 నిమిషాల దగ్గరికి రావాలి. అంతకన్నా బాగా వస్తే అతను నిజంగా దూరపు మనిషి. అప్పుడు 22 ఏళ్లు దాటాక ఒక మారథాన్‌కు తయారై, ఆ తర్వాత అల్ట్రా గురించి మాట్లాడుకోవచ్చు. ఈ రెండేళ్ల స్పీడ్ అల్ట్రాలో కూడా అతనికే పనికొస్తుంది. ఇష్టాన్ని మాత్రం పూర్తిగా కోసేయకండి. చలికాలంలో ఒక ఆదివారం స్నేహితులతో రేగొండ దగ్గరి పాండవుల గుట్టల వైపు పాతిక కిలోమీటర్లు పోయివస్తానంటే పోనివ్వండి.

కొన్ని జాగ్రత్తలు మీరే పట్టించుకోవాలి. పోటీ మధ్యలో నొప్పి మాత్రలు మింగడం కిడ్నీలకు ప్రమాదం, ఎవరిచ్చినా తీసుకోవద్దని చెప్పండి. గంటల తరబడి పరిగెత్తేటప్పుడు దాహం లేకపోయినా వట్టి నీళ్లు మితిమీరి తాగితే ఒంట్లో సోడియం పడిపోతుంది, అది ప్రాణాల మీదికి తెస్తుంది. మే నెల ఎండల్లో పొద్దెక్కాక దూరపు పరుగు వద్దే వద్దు. హాస్టల్ తిండి సరిపోతోందో లేదో చూడండి. గుడ్లు, పప్పు, పల్లి పట్టీలు వీలైనన్ని పంపండి, ఒకసారి హిమోగ్లోబిన్, ఐరన్ పరీక్ష చేయించండి. తినకుండా ఇంత దూరం పరిగెత్తే పిల్లలకు ఎముకల్లో పగుళ్లు వస్తాయి. ఆ రెండు రోజుల అలక కూడా అందుకే నాకు టెన్షన్‌గా అనిపించింది.

ఈ వారం చేయాల్సిన పని ఒకటుంది. కాకతీయ యూనివర్సిటీ క్రాస్ కంట్రీ జట్టు ఎంపిక ఎప్పుడో కాలేజీలో కనుక్కోమనండి. అడగాల్సింది ఆ పీడీ సారునే. మీరు కూడా వెంట వెళ్లండి. అంకెలు రాసుకున్న కాగితం ఆయన ముందు పెట్టి, ఈ పిల్లవాడిని 32 నిమిషాలకు తేవడానికి ఏం చేద్దాం సార్ అని అడగండి.