మొగ్గ మీదున్న ఆర్కిడ్‌ని కదపకండి

ప్రశ్న: మా ఆర్కిడ్‌కి కాడ వచ్చి తొమ్మిది మొగ్గలు వేసిందండీ. వెలుతురు బాగుంటుందని హాల్లోంచి తీసి కిటికీ దగ్గర పెట్టాను. వారం తిరక్కుండానే మొగ్గలు పసుపు రంగుకి తిరిగి, ముట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చేస్తున్నాయి, ఇప్పటికి ఐదు పోయాయి. నీళ్లు చాలట్లేదేమో అని రోజూ పోస్తున్నా. మిగిలిన నాలుగైనా పూస్తాయా?

జవాబు: పూసే అవకాశం ఉందండీ, కానీ ముందు ఆ రోజూ నీళ్లు పోయడం ఆపండి. మీది వెడల్పాటి దళసరి ఆకులుండే ఫెలనాప్సిస్ అనుకుంటున్నా, ఇళ్లల్లో ఎక్కువగా ఉండేది అదే. అడవిలో ఇది మట్టిలో పెరగదు, చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతుకుతుంది, అందుకే వేర్లకి తడి ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. ఎప్పుడూ తడిగా ఉంటే వేర్లు కుళ్లుతాయి, కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి కుండీ నిండా తడి ఉన్నా మొక్కకి దాహం తీరదు, అలాంటప్పుడు అది ముందుగా వదులుకునేది మొగ్గల్నే.

కుండీ అంచు దగ్గర వేర్లు చూడండి. వెండి రంగులో బూడిదగా ఉంటే ఆరినట్టు, అప్పుడు పోయండి. పచ్చగా ఉంటే ఇంకా తడి ఉన్నట్టే, ఆగండి. గోధుమ రంగులో మెత్తగా నలిగిపోతుంటే కుళ్లినట్టు. పోసినప్పుడు కింద నుంచి కారిపోయేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి.

ఇక అసలు సంగతి, మీ మొగ్గలు రాలడానికి కారణం చోటు మార్చడమే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. వెలుతురు, వేడి, గాలిలో తేమ ఒక్కసారిగా మారితే విచ్చుకున్న పువ్వు తట్టుకుంటుంది గానీ మొగ్గ తట్టుకోలేదు. అలాగని కంగారుపడి మళ్లీ హాల్లోకి మార్చకండి, అది రెండో దెబ్బ అవుతుంది. మధ్యాహ్నం ఆకు మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా తగిలితే పల్చటి కర్టెన్ వేస్తే చాలు. ఏసీ గాలి గానీ ఫ్యాన్ గాలి గానీ నేరుగా మొగ్గల మీద కొడుతుంటే మాత్రం కాస్త పక్కకి జరపండి. కుండీని తిప్పొద్దు కూడా, మొగ్గలు వెలుతురు వచ్చే వైపుని బట్టి సర్దుకుంటాయి, తిప్పితే కాడ మెలిక పడి పూలు తలో దిక్కు చూస్తాయి.

ఇంకోటి, దగ్గర్లో పళ్ల బుట్ట ఉందా? అరటి, యాపిల్ లాంటివి పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదుల్తాయి, మొగ్గలకి అది విషమే. ఒకసారి నా మొక్కకి నీళ్లూ వెలుతురూ అన్నీ సరిగ్గా ఉన్నా మొగ్గలు వరసగా ముడుచుకుపోతుంటే ఎంత బాధపడ్డానో, పక్కనే బాగా మగ్గిన అరటిపళ్లు ఉన్నాయని ఆలస్యంగా చూశా, అవి తీసేశాక చివరి రెండు మొగ్గలు నిలబడ్డాయి. పొగ తగలనివ్వకండి, వాడిన పూలు కూడా ఎప్పటికప్పుడు తీసేయండి.

గాలి మరీ పొడిగా ఉంటే నాలుగు కుండీలు దగ్గర దగ్గరగా పెట్టండి. నీళ్లు స్ప్రే చేయమంటారు గానీ నాకు దానిమీద నమ్మకం లేదు, తేమ కాసేపే ఉంటుంది, పూల మీద మచ్చలు పడతాయి. మొగ్గలు వంకరగా ఉండి వెండి గీతలు కనిపిస్తే తామర పురుగులేమో (రసం పీల్చే సన్నటి పురుగులు, త్రిప్స్ అంటారు) చూడండి.

రాలిన చోట మళ్లీ మొగ్గ రాదు. అన్నీ అయిపోయాక కాడ పచ్చగానే ఉంటే కింద నుంచి రెండో కణుపుకో మూడో కణుపుకో కాస్త పైన కత్తిరించండి, పక్క కొమ్మ రావచ్చు. మొక్క నీరసంగా ఉంటే మాత్రం మొదలంటా తీసేసి ఆకులు, వేర్లు పెరగనివ్వండి. రాత్రి ఉష్ణోగ్రత కొన్ని వారాల పాటు 16-18 డిగ్రీలకి దిగితే కొత్త కాడ వేస్తుంది, ఆ కాడ కనిపించిన రోజే చోటు ఖాయం చేసేసుకోండి.