టెక్ సందేహాలు: పడిపోయిన బ్రేకర్‌ని లేపేముందు

వానలు మొదలయ్యాయంటే చాలు, ఫోన్ల ప్రశ్నలు తగ్గి డీబీ బాక్సుల (ఇంటి బ్రేకర్లన్నీ ఉండే పెట్టెల) ప్రశ్నలు పెరుగుతాయి. ఏటా ఇదే తంతు. ఈసారి మూడింటికి జవాబిస్తున్నాను. మొదటిదానికే ఎక్కువ చోటు పోయింది, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: వాన పడినప్పుడల్లా ఇంట్లో కరెంటు మొత్తం పోయేది. డీబీలో పెద్ద స్విచ్ పడిపోయి ఉండేది. ఎలక్ట్రీషియన్ వచ్చి "ఆర్‌సీసీబీ వీక్ అయింది, ఇళ్లకి దీంతో పనిలేదు" అని దాన్ని తప్పించి వైర్లు డైరెక్ట్ చేశాడు. ఇప్పుడు ప్రాబ్లం లేదు. ఫోన్‌లోంచే ఆన్ చేసుకునే వైఫై బ్రేకర్ పెట్టించమంటారా? (హనుమకొండ పాఠకుడు)

ప్రాబ్లం ఎక్కడికీ పోలేదండీ. దాన్ని మీకు చెప్పే పరికరాన్ని, అంటే ఆ ఆర్‌సీసీబీని, తీసేశారు, అంతే. వాన పడినప్పుడు మీ ఇంట్లో ఎక్కడో కరెంటు తడి గోడలోకో ఇనుప పైపులోకో కారుతోంది. నిన్నటిదాకా అది కారగానే సప్లయి తెగిపోయేది. ఇవాళ కారుతూనే ఉంటుంది.

ఆ వైర్లు మళ్లీ యథాస్థానంలో పెట్టించేదాకా వైఫై సంగతి అడగకండి. ఒక్కో లైనుకి ఒక్కో చిన్న బ్రేకర్, అదే ఎంసీబీ, ఉంది కదా అనుకుంటారేమో. లెక్క చూడండి. తడి ఒంటితో 230 వోల్టుల తీగ ముట్టుకున్న మనిషి నిరోధం వెయ్యి ఓములనుకుంటే, ఒంట్లోంచి పోయేది 230 మిల్లీ ఆంప్స్. సీలింగ్ ఫ్యాను తీసుకునేదీ దాదాపు అంతే. ప్రాణం పోవడానికి అది చాలా ఎక్కువ. 16 ఆంప్స్ ఎంసీబీకి మాత్రం మరో ఫ్యాను వేసినట్టే ఉంటుంది, అది కదలను కూడా కదలదు. ఎంసీబీ ఉన్నది వైరు కాలిపోకుండా చూడటానికి. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంప్స్‌కి చేరితే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా తెంపేస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లోనే, చిన్న కనెక్షన్లు మినహాయించి, ఇలాంటి లీకేజీ రక్షణ ఉండాలని ఉంది. "ఇళ్లకి పనిలేదు" అన్నాయన ఆ కాగితం చదివి ఉండడు.

ఇక లీకేజీ ఎక్కడో పట్టుకోవడం. చేతులు ఆరబెట్టుకుని, కాళ్లకి రబ్బరు చెప్పులు వేసుకోండి. ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ లేపండి. నిలిస్తే ఎంసీబీలు ఒక్కొక్కటే లేపండి. దేనికి పడిపోతే లోపం చాలావరకు ఆ లైన్లో ఉన్నట్టు. దాన్ని దించి ఉంచి మిగతావి వాడుకోవచ్చు. వానకి పడిపోతోందంటే ముందు అనుమానించాల్సినవి గేటు లైటు, పిట్టగోడ మీది లైట్లు, సంపు మోటారు, బయటి కాలింగ్ బెల్.

ఇక్కడ చాలామంది బోల్తా పడే సంగతి ఒకటుంది. "స్విచ్‌లన్నీ ఆపినా పడిపోతోంది, కాబట్టి ఆర్‌సీసీబీయే పాడైంది" అంటారు. గోడమీది స్విచ్ తెంపేది ఫేజుని మాత్రమే, న్యూట్రల్ తగిలే ఉంటుంది. ఏదైనా మిషన్‌లో ఆ న్యూట్రల్ ఎర్త్‌కి తాకుతుంటే స్విచ్ ఆపి లాభం లేదు, ప్లగ్గులు పీకి చూడాలి. ఇళ్లలో ఎక్కువగా వాడే సింగిల్ పోల్ (ఫేజుని మాత్రమే తెంపే) ఎంసీబీలదీ ఇదే కథ. అందుకే కొన్నిసార్లు అన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలవదు. అప్పుడు మీరు ఆగిపోయి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ ఉన్నవాళ్లని పిలవండి. టెస్టర్ ఒక్కటే జేబులో పెట్టుకొచ్చేవాళ్ల వల్ల అయ్యే పని కాదు.

మీ ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే మరో అనుమానం. దాని లైన్ల న్యూట్రల్‌ని మామూలు లైన్ల న్యూట్రల్‌తో కలిపేస్తే, వెళ్లిన కరెంటు ఒక దారిన, వచ్చిన కరెంటు మరో దారిన పోతాయి. ఎక్కడా లీకేజీ లేకపోయినా ఆర్‌సీసీబీ పడిపోతుంది. వైరింగ్ సరిచేయడం బద్ధకమై దాన్ని "వీక్" అనేస్తారు.

వైఫై బ్రేకర్ల మీద నా అభిప్రాయం కూడా చెప్పేస్తాను. కరెంటు ఎంత కాలుతోందో చూపించేదాకా బాగానే ఉంటాయి. ఎక్కడినుంచైనా ఆఫ్ చేయడం కూడా పనికొచ్చేదే. నాకు మింగుడుపడనిది దూరంనుంచి ఆన్ చేయడం. బ్రేకర్ ఎందుకు పడిందో ఇంట్లో ఎవరూ చూడకుండా, ఆఫీసులో కూర్చుని దాన్ని లేపడం సౌకర్యమా? అమ్మ గీజర్ దగ్గర తడి చేతులతో నిలబడి ఉందో, ఎలక్ట్రీషియన్ లైన్ ఆఫ్‌లో ఉందనుకుని నిచ్చెనెక్కి ఉన్నాడో యాప్‌కి తెలియదు. కొన్ని రకాలైతే మీరు నొక్కనవసరం లేకుండా తమంతట తామే రెండు మూడు సార్లు లేచి చూస్తాయి. ఈ ఆటో రీక్లోజ్‌ని ఇంటికి పెట్టి అమ్మేవాళ్లు ఏమనుకుంటున్నారో నాకు అర్థం కాదు. ఇక యాప్ పాస్‌వర్డ్ "ఇంటి పేరు 123" అయితే మీ మెయిన్ ఎవరి చేతిలోనైనా ఉన్నట్టే. అయినా కొంటానంటే బ్రేకర్ ఒంటి మీద సీ16 లాంటి రేటింగ్, చిన్న గళ్లలో 10000 లాంటి అంకె, 60898 అనే ప్రమాణం నంబరు ఉన్నాయో లేదో చూడండి. అవి లేకపోతే మీరు కొంటున్నది డీబీలో పట్టే సైజులో ఉన్న స్విచ్ మాత్రమే. ఆటో రీక్లోజ్‌ని సెట్టింగ్స్‌లో ఆపేయండి. ఆపే వీలు లేకపోతే తిరిగిచ్చేయండి.

ప్రశ్న: గీజరు, ఇండక్షన్ స్టవ్ కలిపి వాడితే కాసేపటికి 16 ఆంప్స్ ఎంసీబీ పడిపోతోంది. వెంటనే లేపితే నిలవదు. 32 పెట్టిస్తే సరిపోతుందా? (కాకినాడ పాఠకురాలు)

వద్దమ్మా. 3000 వాట్ల గీజర్‌కి 13 ఆంప్స్, 2000 వాట్ల స్టవ్‌కి దాదాపు 9, కలిపి 22. ఎంసీబీ తన పని తాను చేస్తోంది. వెంటనే నిలవకపోవడానికి కారణం లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగి ఉండటం. రెండు మూడు నిమిషాలు చల్లారనిచ్చి, మీటను ముందు పూర్తిగా కిందికి దించి, తర్వాత లేపండి. లేపగానే ఠప్పుమని పడితే అది లోడు కాదు, షార్ట్. రెండోసారి ప్రయత్నించకండి. వేలితో నొక్కి పట్టుకున్నా లాభం లేదు, మీట పైనే ఉన్నా లోపల తెగిపోయేలా దాన్ని తయారుచేస్తారు.

32 పెడితే, గోడలో ఉన్న 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 36 ఆంప్స్ గంటసేపు పోతున్నా అది నోరు మెదపదు. వైరు పైపులోపల ఉడుకుతుంది. గీజర్‌కి డీబీ నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించుకోండి, అప్పటిదాకా ఒకదాని తర్వాత ఒకటి వాడండి.

మీ ఉత్తరంలో "ఏ ఎంసీబీ ఏ గదిదో మాకు తెలీదు" అని కూడా రాశారు. ఇది మీ తప్పు కాదు. లక్షలు పోసి కొన్న ఫ్లాట్లలో కూడా డీబీ తలుపు వెనక లేబుళ్ల చీటీ ఖాళీగా ఉంటుంది. నింపడానికి బిల్డర్‌కి పది నిమిషాలు పట్టదు. పైగా డీబీని చెప్పుల స్టాండ్ పైనో, టీవీ యూనిట్ ప్లైవుడ్ వెనకో దాచేస్తారు. ఇంటీరియర్ వాళ్లకి అది గోడమీది మచ్చ. రాత్రిపూట మంటలొస్తే ఆ మచ్చ కోసమే చీకట్లో తడుముకోవాలి. ఒక ఆదివారం పూట ఒక్కొక్కటీ దించి చూసి, "వంటిల్లు ప్లగ్గులు", "బోరు మోటారు" అని తెలుగులోనే రాసి అంటించండి. పనిలో పనిగా ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కండి. కరెంటు ఉన్నప్పుడు నొక్కితే పడిపోవాలి, పడకపోతే మార్పించాలి. గృహప్రవేశం నాటినుంచి దాన్ని ముట్టుకోని ఇళ్లే ఎక్కువ.

ప్రశ్న: బ్రేకర్ దగ్గర చిటపటమంటోంది, కాస్త కాలిన వాసన. కానీ పడిపోవడం లేదు. వాడుకోవచ్చా?

వద్దు. స్క్రూ వదులై వైరు కాలుతోంది. వదులు కనెక్షన్‌ని ఎంసీబీగానీ ఆర్‌సీసీబీగానీ పట్టలేవు. మెయిన్ దించి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఆ మెయినే కాలుతున్నట్టుంటే, లేదా వాసన మీటరు దగ్గరనుంచి వస్తుంటే దాన్ని ముట్టుకోకండి. రెండు రాష్ట్రాల్లోనూ 1912కి ఫోన్ చేస్తే కరెంటు ఆఫీసు వాళ్లు బయటినుంచి సప్లయి ఆపుతారు.